వంద మైక్రాన్ల గీత, వంద మైక్రాన్ల ఖాళీ: ఒక తేమ సెన్సర్ బోర్డు కేస్ స్టడీ

ముందు పనేమిటో చెప్తాను. ఎండుమిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టాక టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య గాలిలో తేమ ఎలా మారుతుందో చూడాలని, గుంటూరు దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పెట్టుకుంది. ఆహార ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదు. మించితే బూజు. ఆ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రెడీమేడ్ తేమ సెన్సర్లు బజార్లో బోలెడున్నాయి, కానీ సెన్సర్‌ని సొంతంగా చేసి చూపించడమే ఆమె ప్రాజెక్టు.

సెన్సర్ ఆకారం చాలామందికి తెలిసిందే. రెండు దువ్వెనల్ని ఎదురెదురుగా పెట్టి పళ్ల మధ్యలో పళ్లు దూర్చినట్టు రాగి గీతలు. 20 మి.మీ. చదరంలో వంద పళ్లు, గీత 0.1 మి.మీ. (అంటే వంద మైక్రాన్లు), ఖాళీ 0.1 మి.మీ. పైన పాలీవినైల్ ఆల్కహాల్ పూత పలచగా వేస్తారు. పూత తేమ పీల్చుకుంటే కెపాసిటెన్స్ (చార్జిని నిలవ ఉంచుకునే సామర్థ్యం) పెరుగుతుంది. గీతలు ఇంత సన్నగా ఎందుకంటే, ఇలాంటి అమరికలో విద్యుత్ క్షేత్రం పైకి చాలా తక్కువ ఎత్తే వెళ్తుంది. ఒకే దువ్వెనకి చెందిన రెండు పళ్ల మధ్య దూరంలో సుమారు మూడో వంతు. ఇక్కడ ఆ దూరం 0.4 మి.మీ., కాబట్టి క్షేత్రం 0.13 మి.మీ. దాకా. గీతలు లావైతే క్షేత్రం పూత దాటి పైనున్న గాలిలోకి పోతుంది, పూతలో వచ్చే మార్పు లెక్కలో పలచబడిపోతుంది.

“ఫ్యాక్టరీలో చేయించుకోవచ్చు కదమ్మా, 0.1 వాళ్లు మామూలుగానే చేస్తారు” అన్నాను. “చేస్తారు సార్. కానీ ఖాళీ మార్చి మార్చి చూడాలి. ఒక్కోసారి పంపించి తెప్పించుకునేసరికి రివ్యూ అయిపోతుంది” అంది. అది నిజమే. నేను గుంటూరు అరండల్‌పేటలో ప్రోటోటైప్ (నమూనా) సర్క్యూట్ బోర్డులు చేసి బతికేదే ఈ తొందర వల్ల.

వచ్చేటప్పుడు ఆమె హాస్టల్లో చేసుకున్న బోర్డులు తెచ్చింది. లేజర్ ప్రింటు తీసి, ఇస్త్రీపెట్టెతో రాగి మీదికి దించి, అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేసినవి. యూఎస్‌బీ మైక్రోస్కోపు కింద పెడితే జబ్బు మొత్తం ఒకే బోర్డు మీద కనిపించింది. చదరం అంచుల్లో పళ్లు వెంట్రుకల్లా మిగిలాయి, కొన్ని మధ్యలో తెగిపోయాయి. నడిమధ్యలో మాత్రం పళ్ల మధ్య రాగి ఇంకా కరగనే లేదు. అంటే ఒకే తొట్టిలో, అదే సమయానికి, అంచుకి ఎక్కువైంది, మధ్యకి తక్కువైంది. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే మధ్య తేరుకుంటుందేమో గానీ అంచులు ఉండవు.

ఇంకా దగ్గరగా చూస్తే గీతల వెడల్పు కూడా సమంగా లేదు. ఒకటి లావు, ఒకటి సన్నం, మళ్లీ లావు. ఇది ఎచ్చింగ్ (రాగిని కరిగించడం) పని కాదు, ప్రింటర్ పని. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) ప్రింటర్‌లో ఒక చుక్క 42 మైక్రాన్లు. వంద మైక్రాన్ల గీతకి రెండు చుక్కలు చాలవు, మూడు ఎక్కువ. అందుకని ప్రింటర్ ఒక గీతకి రెండు, ఒక గీతకి మూడు వేసుకుంటూ పోయింది. లేజర్ ప్రింటర్ తప్ప వేరే దారి లేనివాళ్లు గీతని, ఖాళీని చుక్కల లెక్కలోనే గీసుకోవాలి. గీత, ఖాళీ కలిపి ఐదు చుక్కల వరస అయితే 212 మైక్రాన్లకి ఒకటి చొప్పున అన్నీ ఒకేలా వస్తాయి. దానికితోడు టోనర్ వేడికి కరిగి పక్కలకి పరుచుకుంటుంది. 0.25 మి.మీ. దాకా ఆ పద్ధతికి నేను అడ్డు చెప్పను. అంతకంటే సన్నం కావాలంటే డ్రై ఫిల్మ్‌కి (రాగికి అంటించే, వెలుతురు పడ్డచోట గట్టిపడే పొర) రావాల్సిందే.

రాగి మందం

సన్నగీతల గురించి అడిగేవాళ్లంతా మొదట అడిగేది ఒకటే, ఏ కెమికల్ వాడుతున్నారని. నా లెక్కలో కెమికల్ మూడో నాలుగో ప్రశ్న. మొదటి ప్రశ్న రాగి మందం.

కెమికల్‌కి పైనా కిందా తెలియదు. కిందికి ఎంత తింటుందో, రెసిస్ట్ (గీతల్ని కాపాడే పై పొర) కింద పక్కకి కూడా దాదాపు అంతే తింటుంది. దీన్నే అండర్‌కట్ అంటారు. ఫ్యాక్టరీలో ప్రెషర్‌తో స్ప్రే కొడతారు కాబట్టి వాళ్లకి లోతు ఎక్కువ, పక్కకి తక్కువ. నా తొట్టిలో కొలిస్తే కిందికి ఒకటిన్నర పోతే పక్కకి ఒకటి పోతోంది. చాలామంది ఇళ్లలో అది ఒకటికి ఒకటే.

ఇప్పుడు లెక్క చూడండి. బజార్లో మామూలుగా దొరికే బోర్డు మీద రాగి 35 మైక్రాన్లు. ఒకటిన్నరకి ఒకటి చొప్పున అటు 23, ఇటు 23 పోతాయి. వంద మైక్రాన్ల గీత గీస్తే చేతికి వచ్చేది 54. పోనీ, పోయేదాన్ని ముందే కలిపి గీత 146 గీద్దామంటే, వరస 200 దాటకూడదు కాబట్టి ఖాళీకి మిగిలేది 54 మైక్రాన్లు. డ్రై ఫిల్మ్ మందమే 38 మైక్రాన్లు ఉంటుంది. 54 వెడల్పు, 38 లోతున్న ఆ సందులోకి డెవలపర్ (వెలుతురు పడని డ్రై ఫిల్మ్‌ని కడిగేసే సోడా నీళ్లు) పోయి కడగాలి, తర్వాత కెమికల్ పోయి రావాలి. వంద పళ్లకీ అది సమంగా జరగడం ఇంటి సరంజామాతో కుదిరే పని కాదు. అదే రాగి 18 మైక్రాన్లయితే పక్కకి పోయేది 12. గీత 120 కొంచెం మించి గీస్తే చాలు, ఖాళీకి దాదాపు 80 మిగులుతుంది. ఇది కుదురుతుంది. కెమికల్ మార్చలేదు, లైటు మార్చలేదు, బోర్డు మార్చినందుకే సగం పని అయిపోయింది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. షాపులో 18 అని చెప్పి ఇచ్చేదంతా 18 కాదు. నేను చిన్న ముక్క కోసి, బంగారం తూచే చిన్న కాటా మీద తూస్తాను. రాగి మొత్తం కరిగించేసి, కడిగి ఆరబెట్టి మళ్లీ తూస్తాను. పది సెంటీమీటర్ల చదరానికి 35 మైక్రాన్లయితే 3.1 గ్రాములు, సగం మందమైతే 1.6 గ్రాముల లోపు తేడా రావాలి. మైక్రోమీటర్‌తో పనిలేదు. గోధుమరంగు పేపర్ ఫినాలిక్ బోర్డులు ఈ పనికి అసలు వద్దు. గ్లాస్ ఎపాక్సీ (గాజు నూలుతో చేసిన) బోర్డే కావాలి, కారణం తర్వాత చెప్తాను.

డిజైన్‌లో రెండో మార్పు. అంచులు ముందు తినేయడానికి కారణం చుట్టూ ఖాళీ మైదానం ఉండటం. వెడల్పైన చోట తాజా ద్రావణం బాగా తిరుగుతుంది కాబట్టి రాగి తొందరగా పోతుంది, సందుల్లో మెల్లగా పోతుంది. అందుకని చదరం చుట్టూ తీసేయాల్సిన రాగిని తీయకుండా వదిలేశాను. దువ్వెనకి, ఆ చుట్టూ రాగికి మధ్య కూడా అదే 80 మైక్రాన్ల సందు. రెండు చివర్లా దేనికీ కలపని ఉత్తుత్తి పళ్లు నాలుగేసి పెట్టాను. బోర్డు మొత్తం మీద కెమికల్‌కి కనిపించే సందులన్నీ ఒకే వెడల్పు అన్నమాట. ఆమె మొదట ఒప్పుకోలేదు. “చుట్టూ రాగి ఉంటే రీడింగ్ మారదా సార్?” అని. మారుతుంది, కానీ ప్రతి బోర్డులోనూ ఒకేలా మారుతుంది. దాన్ని గ్రౌండ్‌కి కలిపేస్తే సరిపోయింది.

ఫిల్మ్

డిజైన్‌ని నలుపు తెలుపుల్లో దించే పారదర్శక ఫిల్మ్ (డ్రై ఫిల్మ్ వేరు, ఇది వేరు) కోసం విజయవాడ వెళ్లాల్సి వచ్చింది. ఆఫ్‌సెట్ ప్రెస్సులు నేరుగా ప్లేటు మీదికే తీసుకోవడం మొదలుపెట్టాక ఫిల్మ్ తీసే మెషిన్లు తగ్గిపోయాయి. శుభలేఖలు, స్టిక్కర్లు స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ల పుణ్యమా అని కొన్ని ఇంకా నడుస్తున్నాయి. 2540 డీపీఐలో చుక్క పది మైక్రాన్లు. అందుకే గీత 120, ఖాళీ 80, పదుల లెక్కలో. ఆపరేటర్ స్క్రీన్ మీద చూసి “ఇదేం బార్‌కోడండీ, స్కాన్ అవదిది” అన్నాడు.

అక్కడ గట్టిగా చెప్పాల్సినవి మూడు. సైజు పేజీకి సరిపెట్టకూడదు, నూటికి నూరు శాతం ఉండాలి. సాక్ష్యానికి నేను ఆర్ట్‌వర్క్ పక్కనే 50 మి.మీ. కొలబద్ద గీసి పెడతాను. రెండోది, గ్రే షేడ్ ఉండకూడదు, నలుపూ తెలుపే. మూడోది, నలుపు పొర బోర్డుని తాకేలా ఫిల్మ్‌ని తిరగేసి తీయాలి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. ఫిల్మ్ మందం వంద మైక్రాన్లు. నలుపు పొర పైవైపు ఉంటే, ఫిల్మ్ లోపల 20 డిగ్రీల వాలున సాగే వెలుతురు అంత మందం దాటేలోపు 36 మైక్రాన్లు పక్కకి జరుగుతుంది. మన ఖాళీయే 80.

వేడికి ఫిల్మ్ సాగుతుందని భయపడేవాళ్లున్నారు. పాలియెస్టర్ డిగ్రీకి మీటరుకి 18 మైక్రాన్లు సాగుతుంది. 20 మి.మీ. బోర్డుకి, గుంటూరు మే నెలకి కూడా, అది లెక్కలోకి రాదు. పెద్ద బోర్డులకి ఆలోచించుకోవాలి.

వెలుతురు, సోడా

రాగిని తోమే దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. గిన్నెలు తోమే పచ్చ పీచుతో ఒకే దిక్కున గట్టిగా రుద్దితే గీతలు పడతాయి, ఆ గీతల్లోంచి కెమికల్ రెసిస్ట్ కిందికి కాలవలా పారుతుంది. మెత్తగా, గుండ్రంగా తోమి, తర్వాత సోడియం పర్‌సల్ఫేట్ పలచటి ద్రావణంలో అర నిమిషం ముంచుతాను. రాగి మెరుపు పోయి, మట్టు గులాబీ రంగుకి వస్తుంది. నీళ్లలోంచి తీసి నిలువుగా పట్టుకుంటే నీటిపొర చెదరకుండా అరనిమిషం నిలవాలి. ఎక్కడైనా విరిగి చుక్కలైతే అక్కడ జిడ్డున్నట్టే, మళ్లీ తోమాలి.

డ్రై ఫిల్మ్‌ని ఎండాకాలంలో ఫ్రిజ్‌లో ఉంచుతాను. బయట పెడితే చుట్ట అంచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాడే ముందు కవర్ విప్పకుండానే గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. లోపలి పొరని రెండువైపులా సెలోటేపు ముక్కలంటించి లాగితే విడిపోతుంది. ఆఫీసుల్లో ఐడీ కార్డులకి వాడే లామినేటర్ 110 డిగ్రీల దగ్గర చాలు. పసుపు బల్బు కింద చేసుకోవాలి, ట్యూబ్‌లైటు వద్దు.

వెలుతురుకి చాలామంది స్వీట్ షాపుల్లో ఈగల పెట్టెల్లో ఉండే నీలం ట్యూబులు వాడతారు. అల్ట్రావయొలెట్ సరైనదే, 365 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది, లావు గీతలకి చక్కగా పనిచేస్తుంది. కానీ ట్యూబు వెలుతురు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. నేను ఒకే ఒక్క పవర్ ఎల్‌ఈడీని అడుగు ఎత్తున పెట్టాను. దీపం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, దూరం మూడొందలు, కాబట్టి ఫిల్మ్‌కీ బోర్డుకీ మధ్య వంద మైక్రాన్ల సందు ఎక్కడైనా మిగిలిపోయినా మసక ఒకటిన్నర మైక్రాన్ కూడా ఉండదు. టైము ఎక్కువ పడుతుంది, పట్టనీ. ఫిల్మ్ మీద గాజు పలక పెట్టి నాలుగు మూలలా క్లిప్పులు బిగిస్తాను. యాక్రిలిక్ షీటు వాడొద్దు, కొన్ని రకాలు ఈ వెలుతురునే ఆపేస్తాయి.

ఎంతసేపు అన్నది ఎవరి దీపానికి వాళ్లే తేల్చుకోవాలి. ముక్క బోర్డు మీద అట్ట జరుపుకుంటూ పది సెకన్ల చొప్పున మెట్లు వేస్తే తెలిసిపోతుంది. తక్కువైతే సోడాలో గీతే లేచిపోతుంది. ఎక్కువైతే గీత బాగానే ఉంటుంది, ఖాళీ అడుగున జిగురు మిగిలిపోతుంది. ఆ జిగురు కంటికి కనపడదు, ఎచ్చింగ్ అయ్యాక షార్ట్ రూపంలో కనపడుతుంది. వెలుతురు పడ్డాక పావుగంట ఆగి, అప్పుడు పై పొర తీయాలి.

డెవలపర్ అంటే లీటరు నీళ్లకి పది గ్రాముల సోడియం కార్బొనేట్, అంతే. పొడిగా ఉన్నదయితే పది, స్ఫటికాల బట్టల సోడా అయితే 27 గ్రాములు, ఎందుకంటే స్ఫటికాల్లో ఎక్కువ బరువు నీళ్లదే. బోరు నీళ్లలో కలిపితే తెల్లగా విరిగిపోతుంది. మా బజార్లో బోరు నీళ్లు గట్టివి, సున్నం దిగుతుంది. ఆర్‌వో నీళ్లే పోయాలి. డెవలపర్ 30 డిగ్రీల లోపు ఉండాలి. మేలో షాపులో నీళ్లు మామూలుగానే అంతకు మించి వేడెక్కుతాయి, అప్పుడు డ్రై ఫిల్మ్ ఉబ్బి అంచులు మెత్తబడతాయి. అందుకని ఆర్‌వో నీళ్లని కుండలో పోసి ఉంచుతాను. కడగడానికి మాత్రం అదే బోరు నీళ్లు మంచివి. నీళ్లలో కాల్షియం ఉంటే రెసిస్ట్ అంచులు గట్టిపడతాయి.

మెత్తటి బ్రష్‌తో తడుముతూ ఉంటే ఒక చోట రాగి బయటపడుతుంది. అక్కడికి ఎంత టైమైందో చూసుకుని, దాదాపు మళ్లీ అంతసేపు ఉంచి తీయాలి. సందులు తెరుచుకున్నట్టు కంటికి అనిపించగానే తీసేసేవాళ్లకే షార్టులు ఎక్కువ.

తొట్టిలో

ఫెర్రిక్ క్లోరైడ్‌లో నిమ్మ ఉప్పు కలిపి వాడతాను. రాగి పలకల మీద చిత్రాలు చెక్కే కళాకారుల కోసం ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ 1990ల్లో తయారుచేసిన మిశ్రమం ఇది, ఎడిన్‌బరా ఎచ్ అంటారు. నలభై శాతం ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం నాలుగు పాళ్లు, నిమ్మ ఉప్పు ద్రావణం ఒక పాలు. ఆ ద్రావణానికి మూడొంతుల నీళ్లకి ఒక వంతు పొడి. సందుల్లో బురద పేరుకోకుండా నిమ్మ ఉప్పు ఇనుముని పట్టుకుని ఉంచుతుంది. మామూలు ఫెర్రిక్ క్లోరైడ్‌తో వంద మైక్రాన్ల సందులో ఆ బురదే అడ్డుగోడ.

బోర్డుకి వెనకవైపు ప్లాస్టిక్ పిడి అంటించి, ముఖం కిందికి పెట్టి ముంచుతాను. కరిగిన రాగి బరువుగా ఉంటుంది, తనంతట తనే కిందికి జారిపోతుంది. ముఖం పైకి పెడితే అదే సందులో కూర్చుంటుంది. 42 డిగ్రీలు, మెల్లగా ఊపుతూ, అరనిమిషానికోసారి బోర్డుని పావు చుట్టు తిప్పడం. ఎండాకాలం హీటర్ కూడా అక్కర్లేదు, ఈ ఊరి ఎండకి ఉన్న ఒకే ఒక ప్రయోజనం ఇది.

గ్లాస్ ఎపాక్సీ ఎందుకన్నానంటే, దాంట్లోంచి వెలుతురు వస్తుంది. కడిగి, వెనక నుంచి టార్చి వేస్తే కరిగిన సందులు తేనె రంగులో వెలుగుతాయి, కరగనివి నల్లగా ఉంటాయి. బోర్డు పక్కన 60 నుంచి 100 మైక్రాన్ల దాకా సందులున్న చిన్న పరీక్ష పట్టీ కూడా ఉంది. 70 సందు వెలిగిందంటే 80ది అయిపోయినట్టే, అక్కడితో ఆపేశాను. మొత్తం ఐదారు నిమిషాల పని. చివర్లో ఒక్క నిమిషం ఆలస్యం చేస్తే గీతలో నాలుగైదు మైక్రాన్లు పోతాయి, టెన్షనంతా ఆ నిమిషంలోనే.

రెసిస్ట్ తీయడానికి మూడు శాతం కాస్టిక్ సోడా, కళ్లద్దాలు పెట్టుకుని. మైక్రోస్కోపు కింద గీత పైభాగం 92 నుంచి 97 మైక్రాన్లు, అడుగు వంద దాటి కొంచెం. అంచుకి, మధ్యకి తేడా ఐదు లోపే.

అయినా మొదటి ప్యానెల్లో (కొన్ని బోర్డులు కలిపి చేసిన పలకలో) ఒక బోర్డు షార్టు చూపించింది. వంద పళ్లలో ఎక్కడని వెతుకుతాం? బెంచ్ సప్లై మీద కరెంటు 0.1 ఆంపియర్‌కి బిగించి రెండు దువ్వెనలకీ ఇచ్చాను. ఒక్కో పన్ను రెసిస్టెన్స్ సుమారు 0.2 ఓమ్. మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో పన్ను మొదలూ చివరా తాకిస్తే అన్నీ సున్నా. పక్కపక్కనున్న రెండు పళ్లు మాత్రం, ఒక్కో దువ్వెనది ఒకటి, చెరో పది మిల్లీవోల్టులు చూపించాయి. కరెంటు పోతున్నది వాటిలోనే, సగం దూరం దాకా. అక్కడ భూతద్దం పెడితే దుమ్ము పడ్డంత రాగి మచ్చ. బ్లేడు మొనతో ఒక్క గీత గీస్తే తెగిపోయింది.

లెక్క ప్రకారం ఈ దువ్వెనకి కెపాసిటెన్స్ 50 పికోఫారాడ్లకి అటూఇటూ రావాలి, వచ్చింది కూడా. గీత 80, ఖాళీ 120 అయి ఉంటే అది పది పదిహేను శాతం పడిపోయేది. ఒక బోర్డుకీ ఇంకో బోర్డుకీ పోలిక కుదరకపోవడానికి ఆ తేడా చాలు.

పూత వేయకుండానే తేమ పెట్టెలో పెట్టి చూడమన్నాను. తేమ పెరిగేకొద్దీ లీకేజీ (పళ్ల మధ్య కారే కరెంటు) పెరిగింది. సందుల్లో క్లోరైడ్ మిగిలితే జరిగేది ఇదే. ఫెర్రిక్ క్లోరైడ్ అంటిన బోర్డుని నేరుగా నీళ్లలో పెడితే ఇనుము తుప్పుగా మారి గ్లాసు నూలు పోగుల దగ్గర అతుక్కుంటుంది. అందుకని తర్వాతి ప్యానెల్‌ని తొట్టిలోంచి తీయగానే ముందు నిమ్మ ఉప్పు నీళ్లలో, తర్వాత బోరు నీళ్లలో, చివర బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కడిగాను. లీకేజీ తగ్గిపోయింది. మామూలు సర్క్యూట్ బోర్డుకి ఇంత అవసరం లేదు. సెన్సర్‌కి కడగడం కూడా తయారీలో భాగమే. ఆమెకి ఇంకో మాట కూడా చెప్పి పంపాను, ఈ పళ్ల మధ్య డీసీ పెట్టొద్దని. తేమలో డీసీ ఇస్తే రాగి ఒక పన్ను నుంచి రెండో దానికి కొమ్మల్లా పెరిగి షార్టు చేస్తుంది. ఏసీతోనే కొలవాలి.

వాడేసిన ద్రావణం కాలవలో పోయకూడదు, రాగి చేపలకి విషం. బట్టల సోడా కొంచెం కొంచెంగా వేస్తే నురగ వచ్చి, రాగీ ఇనుమూ మడ్డిగా అడుగుకి దిగుతాయి. ఒకేసారి కుమ్మరిస్తే పొంగి బయట పడుతుంది. ఆ మడ్డిని ఆరబెట్టి డబ్బాలో మూత వేసి పెడుతున్నాను, హానికర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వడానికి.

రేటు విషయానికొస్తే, ఇలాంటి బోర్డుకి నేను మామూలు దానికి నాలుగింతలు తీసుకుంటాను. ఎక్కువ భాగం ఫిల్మ్‌కి, పరీక్ష ముక్కలకి పోతుంది. ఆమె 75 మైక్రాన్లది కూడా అడిగింది. గీత 95, ఖాళీ 55 గీయాలి, 38 మైక్రాన్ల డ్రై ఫిల్మ్‌తో నా దగ్గర అది నిలవదు. పలచటి డ్రై ఫిల్మ్, 9 మైక్రాన్ల రాగి దొరికితే చూద్దామన్నాను. రెండువైపులా కావాలన్న ఇంకో కుర్రాడికి మాత్రం ఫ్యాక్టరీకే పంపించుకోమని చెప్పేశాను.